షెడ్లు కట్టే మా కుటుంబ సంస్థలో ఉక్కు వృథాను తగ్గించడం ఎలా?

ప్రశ్న (వరంగల్):
మా నాన్నగారు, బాబాయి కలిసి నడిపే వర్క్‌షాప్‌లో రైస్ మిల్లులకు, గోదాములకు ఇనుప షెడ్లు తయారు చేస్తాము. కోతల్లో మిగిలిన పైపు, యాంగిల్ (L ఆకారపు ఇనుప కడ్డీ) ముక్కలు తూకం లెక్కన పాత ఇనుము దుకాణానికి పోతున్నాయి. పర్యావరణానికీ ఖర్చుకూ మేలు చేసే పద్ధతులను పెద్దలను ఒప్పించగలిగేలా వివరించగలరా?

జవాబు (హనుమకొండ):
కోత మొదలుపెట్టే ముందే ఏ పైపులో ఏ ముక్కలు కోయాలో పట్టిక వేసుకోండి. 6 మీటర్ల పైపులో 2.2 మీటర్ల ముక్కలు రెండు తీస్తే 1.6 మీటర్లు మిగులుతుంది; అదే పనిలో 1.5 మీటర్ల బ్రేసింగ్ (షెడ్డు ఊగకుండా ఏటవాలుగా బిగించే ఊత) అవసరమైతే దాన్ని కొత్త పైపులో కాకుండా అందులోనే కోయాలి. ప్రతి పనికీ మిగిలిన తుక్కును తూచి, కొన్న ధర పక్కన అమ్మిన ధర రాసి చూపితే మీ పెద్దలు తప్పక ఆలోచిస్తారు.

జవాబు (కరీంనగర్):
ఒక టన్ను తుక్కును కరిగించి ఉక్కు చేస్తే సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు ఆదా అవుతాయని అంచనా. అయినా కరిగించకుండా తిరిగి వాడటమే మేలు కాబట్టి, వీలైన చోట సైటులో వెల్డింగ్‌కు బదులు బోల్టులు బిగించండి. షెడ్డు విప్పినప్పుడు దూలాలు చెడిపోవు. పాత ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ మెషిన్ల స్థానంలో ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్లు తెస్తే కరెంటు కూడా తగ్గుతుంది.

జవాబు (జనగామ):
తుప్పును మరవకండి. మిల్లుల్లో ఊక, బూడిద స్తంభాల అడుగున పేరుకుని తేమను పట్టి ఉంచుతాయి. బేస్ ప్లేటును (స్తంభం అడుగున ఉండే ఇనుప పలకను) నేలకంటే ఎత్తైన కాంక్రీటు దిమ్మెపై నిలిపి, తుప్పు పూర్తిగా గీకిన తర్వాతే ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) వేయించండి.