శర శశి షట్క... ఆ "భూ" ఒకటా, ఏడా?

నల్లగొండ: పావులూరి మల్లన చదరంగం గళ్ల పద్యం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఒకటితో మొదలుపెట్టి గడి గడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లకూ కలిపి వచ్చే మొత్తాన్ని అందులో మాటల్లో కూర్చాడు, ఒక్కో మాట ఒక్కో అంకె. చిన్నప్పుడు మా నాయన నేర్పిండు.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

ఇక్కడికొచ్చి ఆగిపోతున్నా. మిగతాది, ముఖ్యంగా నాలుగో పాదం, ఎవరికైనా వచ్చా? ఇంకో మాట. మొదటి పాదం చివర "భూ" అనగానే నాయన "ఒకటి" అని వేలు మడిచేవాడు. భూమి అంటే ఒకటే కదా, సరైనదేనా?

మిర్యాలగూడ: కాదండీ. భూధర కలిపి ఏడు. వెనక నుంచి పేర్చి చూడండి: 18446744073709551615. భూ ఒకటి, ధర ఇంకో ఒకటి అని విడగొడితే 21 అంకెలవుతాయి. ఉండాల్సినవి 20.

వనపర్తి: అంకెలు లెక్కపెట్టే పని కూడా లేదు సార్. ఇది 64 రెండ్లను గుణించి ఒకటి తీసేసిన సంఖ్య, అంటే 32 నాలుగుల లబ్ధం కన్నా ఒకటి తక్కువ. నాలుగును మూడుతో భాగిస్తే మిగిలేది ఒకటి, ఎన్ని నాలుగులను గుణించినా అంతే. కాబట్టి ఒకటి తీసేస్తే మూడుతో తెగి తీరాలి. భూధర ఏడైతే అంకెల మొత్తం 87, తెగుతుంది. విడగొడితే 82, తెగదు.

షాద్‌నగర్: లెక్క దాకా ఎందుకు, పద్యమే చెబుతోంది. ఒకటి వచ్చిన మూడు చోట్లా మల్లన చంద్రుణ్ణే తెచ్చాడు: శశి, చంద్ర, తుహినాంశు. భూమి జోలికే పోలేదు. ఏడుకు మూడుసార్లూ కొండే, మూడు వేర్వేరు పేర్లతో: నగ, భూధర, గిరి. పదం పాదం చివర విరిగిందంటారా, కుంజర కూడా విరిగింది. ప్రాస "ర" నిలబడాలి మరి. యతి చూడండి, శకు సా, ధకు త. ఇంత పెద్ద సంఖ్యను ఒక్క అంకె జారకుండా చంపకమాలలో కూర్చాడు! మా పక్క ఊరు కాకునూరు అప్పకవిది, యతుల మాట వస్తే మాకు ఆయనే గుర్తొస్తాడు.

మిర్యాలగూడ: ఆయన ఛందస్సు గ్రంథం అప్పకవీయం 1656 నాటిది. మల్లన 11వ శతాబ్దం వాడు, ఆయన కూర్చిన ఆరు వందల ఏళ్లకు కదండీ అప్పకవి సూత్రాలు రాసింది.

షాద్‌నగర్: తర్వాతే రాశాడు, కానీ అంతగా విడమరిచి చెప్పిందెవరు?

మహబూబ్‌నగర్: కంప్యూటర్‌లో 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదే. పనిలో తెర మీద కనబడినప్పుడల్లా "శర శశి" అనుకుంటా. కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. చివరిదాన్ని, 641నీ బయటపెట్టింది గణితవేత్త ఆయిలర్, 1732లో.

పానగల్లు: నల్లగొండ అన్నా, మీ నాయన తప్పు చెప్పలేదనిపిస్తోంది. శర నుంచి అగ్ని దాకా లెక్కపెట్టండి, సరిగ్గా పది. రెండు చేతుల వేళ్లూ అయిపోతాయి. భూధర పదకొండోది, మళ్లీ మొదటి వేలు. ఆయన "ఒకటి" అన్నది భూమి విలువ కాదు, వేలి లెక్క.

నల్లగొండ: ఇప్పుడే మడిచి చూశాను. రెండో విడత పదీ సరిగ్గా తుహినాంశు దగ్గర అయిపోతున్నాయి. నాయన అక్కడ రెండు పిడికిళ్లూ పైకెత్తి చూపేవాడు, ఇప్పుడు గుర్తొచ్చింది. నేను ఆగిపోతున్నదీ అక్కడే. ఆ తర్వాతి మాటలు నాకెప్పుడైనా చెప్పాడో లేదో. నాలుగో పాదం ఎవరికైనా వచ్చా?