అప్‌డేట్: 4, 5 తరగతులకు కంప్యూటర్, ఆన్‌లైన్ జాగ్రత్తలు

నాలుగు ల్యాప్‌టాప్‌లు, ముప్పై మంది పిల్లలు, నెట్ సరిగ్గా రాదు, ఎలా నేర్పాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఇలా నడుస్తోంది.

ముందు నేలమీద సుద్దతో 5×5 గడులు. చీటీలు మూడు రకాలే: ఒక గడి ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. గమ్యం గడి చేరేలా ఒకరు చీటీలు పేరుస్తారు, ఇంకొకరు రోబోలా వాటి ప్రకారమే నడుస్తారు. చిక్కంతా ‘తిరుగు’ దగ్గరే: పిల్లలు తిరగకుండా పక్క గడిలోకి జరిగిపోతారు. పాదాలు ఉన్నచోటే ఉండాలి, ముఖం మాత్రమే మారాలి. రోబోకి గమ్యం చెప్పకూడదు; తెలిస్తే చీటీలో తప్పున్నా తనే సర్దుకుని వెళ్లిపోతుంది, తప్పు బయటపడదు. ఇది కుదిరాకే స్క్రాచ్ (తెరమీద ఆదేశాల దిమ్మెలు పేర్చి పిల్లలు ప్రోగ్రామ్ తయారుచేసే యాప్). దాని ఆఫ్‌లైన్ యాప్‌ని పెన్‌డ్రైవ్‌తో ఎక్కిస్తే నెట్ అక్కర్లేదు. ఒక్కో ల్యాప్‌టాప్‌కి ఇద్దరు, మౌస్ ఐదు నిమిషాలకోసారి చేతులు మారాలి. మిగతావాళ్లు గడుల దగ్గరే.

జాగ్రత్తల పాఠం అమ్మానాన్నల ఫోన్ చుట్టూనే తిరగాలి, పిల్లలు వాడేది అదే కాబట్టి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు, అడిగారంటే మోసమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, పిల్లల సహాయానికైతే 1098.

అన్నిటికంటే ముఖ్యం తల్లిదండ్రుల సమావేశం. ఫోన్‌లో ఏదైనా తప్పు జరిగిందని చెబితే ఫోన్ లాక్కుంటారనే భయంతోనే పిల్లలు దాచేస్తారు. దయచేసి చెప్పిన బిడ్డని తిట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు.