అప్‌డేట్: కీ షేర్ ఉన్న ఒకాయన తప్పుకున్నారు, పరిష్కారం దొరికింది

మిర్యాలగూడలో మా సంఘం డేటా బ్యాకప్‌ను తెరిచే రహస్య కీని షమీర్ పద్ధతిలో (ఒక రహస్యాన్ని కొందరికి ముక్కలుగా పంచే గణిత పద్ధతి) ఐదు షేర్లుగా, అంటే ఐదు ముక్కలుగా, ఏ ముగ్గురు కలిసినా తెరుచుకునేలా పంచుకున్నామని, వాళ్లలో ఒకాయన తప్పుకున్నారని, ఆయన షేర్ ఆయన దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఇప్పుడేం చేయాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"షేర్లన్నీ మళ్లీ కొత్తగా పంచండి" అన్న సలహానే పనిచేసింది. ఇంటర్నెట్ లేని ల్యాప్‌టాప్‌లో ముగ్గురి షేర్లతో కీ తీసి, అదే కీని కొత్తగా ఐదు షేర్లు చేశాం. పాతవి కొత్తవాటితో కలవవు. కానీ పాతవే మూడు ఎక్కడైనా మిగిలితే కీ వచ్చేస్తుంది! అందుకే కొత్తవాటితో ఒక బ్యాకప్ తెరిచి చూసుకున్నాకే, మా దగ్గరున్న నాలుగు పాత షేర్ల కాగితాలూ కాల్చేశాం. ఈ పని మాత్రం దయచేసి వదలొద్దు.

కీనే మార్చి డేటా అంతా మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాలన్న (కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చాలన్న) టెన్షన్ మాకు అక్కర్లేకపోయింది, బయట ఉన్నది ఒక్క షేరే కాబట్టి. మూడు బయటపడి ఉంటే అదొక్కటే దారి.