క్వీన్ 'గ్రేటెస్ట్ హిట్స్': మేనకోడలికి ముందు ఇదే వినిపించమంటారా?

గంటస్తంభం (విజయనగరం):
అందరికీ నమస్కారం. మా మేనకోడలు ఇంటర్ పరీక్షలు రాసీసి సెలవులకి మా ఇంటికొచ్చింది. కీబోర్డు నేర్చుకుంటోంది. "మావయ్యా, క్వీన్ అంటే ఆ చప్పట్ల పాట వాళ్లేనా?" అని అడిగింది. ఆ 'వుయ్ విల్ రాక్ యూ' ఒక్కటే కాదమ్మా, అది పెద్ద బ్రిటన్ రాక్ బ్యాండ్ అని, బీరువా మీద నుంచి పాత క్యాసెట్ దించాను. 1981లో వచ్చిన గ్రేటెస్ట్ హిట్స్. కంపెనీ క్యాసెట్ కాదు. 1988లో ఊళ్లో ఒక రికార్డింగ్ షాపులో 60 నిమిషాల క్యాసెట్ మీద ఎక్కించుకున్నది. మొత్తం 17 పాటలు. ఒక్కో వైపు 29 నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఒక్క పాట కూడా మధ్యలో తెగలేదు. చివర మిగిలిన టేపు ఖాళీగా వదిలెయ్యడం ఎందుకని షాపాయన ఘంటసాల గారి పాట ఒకటి పల్లవి వరకు ఎక్కించి ఇచ్చాడు. ఈ రోజుకీ అందులో చివరి పాట 'వుయ్ ఆర్ ది ఛాంపియన్స్' ఎక్కడ విన్నా, అది అయిపోగానే నా చెవి ఆ పల్లవి కోసం చూస్తుంది.

నా మటుకు నాకు అది ఏరికూర్చిన పాటల మూటలా అనిపించదు, సొంత ఆల్బమ్ లాగే అనిపిస్తుంది. కానీ నేను పెరిగిందే దాంతో, నా తీర్పుని నమ్మలేను. కొత్తగా వినే పిల్లకి దీంతో మొదలెట్టడం మంచిదా, ఏదైనా ఒక ఆల్బమ్ చేతికివ్వాలా? మీ అనుభవాలు చెప్పండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మంచి ప్రశ్న తమ్ముడూ. నలభై ఏళ్లుగా ఇలాంటి హిట్స్ ఆల్బమ్‌లు కొంటున్నాను. ఏం పెట్టారో తర్వాత చూస్తాను. ముందు ఏం వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని చూస్తాను.

ఈగిల్స్ బ్యాండ్ వాళ్ల మొదటి హిట్స్ ఆల్బమ్ కొన్న రోజు ఇంటికొచ్చి అటూ ఇటూ తిప్పి చూశాను. వాళ్ల పాటల్లో అందరికీ తెలిసిన 'హోటల్ కాలిఫోర్నియా' లేదు. మోసపోయాననుకున్నాను. తర్వాత తెలిసింది, అది వచ్చింది 1976 ఫిబ్రవరిలో, 'హోటల్ కాలిఫోర్నియా' వచ్చింది అదే ఏడాది డిసెంబరులో. పేరులోనే 1971-1975 అని రాసుంది, చూసుకోనిది నేను. ఉన్న ఆ 10 పాటలూ ఒకే గాలి వీచినట్టు సాగుతాయి. దానికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

బీటిల్స్ '1' వేరే సంగతి. 2000లో వచ్చింది, 27 పాటలు. బ్రిటన్లోనో అమెరికాలోనో హిట్ల పట్టికలో మొదటి స్థానానికి చేరినవే తీసుకున్నారు. కొలబద్ద శుభ్రంగానే ఉంది. కానీ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' బ్రిటన్లో రెండో స్థానంలో ఆగింది కాబట్టి ఆ గుమ్మం బయటే ఉండిపోయింది. ఆ పాట లేకుండా 1967 బీటిల్స్ గురించి ఏం చెప్తాం?

అన్నింటికన్నా నాకు నొప్పి పుట్టించింది పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్', 2001ది. ఆల్బమ్‌కి వాళ్ల 'ఎకోస్' పాట పేరే పెట్టి, 23 నిమిషాల ఆ పాటని 16 నిమిషాలకి కోసేశారు. పాటలన్నీ ఒకదాన్లోంచి ఒకటి జారేలా కలిపిన పనితనం గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ ఆ పాటలో ఎదురుచూపే సగం పాట. దాన్ని కుదిస్తే ఏం మిగులుతుంది?

ఇక మీ క్వీన్. కోత అక్కడా ఉంది. 'ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్' అసలు ఆల్బమ్‌లో నాలుగు నిమిషాలు దాటుతుంది. ఇందులో ఉన్నది సింగిల్ (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డు) కోసం కత్తిరించిన మూడు నిమిషాల చిల్లరది. అంతకంటే పెద్ద లోటు ఇంకోటుంది. 17 పాటల్లో గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ రాసినవి 10, బ్రయాన్ మే రాసినవి 5, జాన్ డీకన్ రాసినవి 2. రోజర్ టేలర్ పాట ఒక్కటీ లేదు. ఇది మాత్రమే విన్నవాడు ఆయన డ్రమ్స్ వాయించి ఊరుకున్నాడనుకుంటాడు. ఆయన రాసిన 'రేడియో గాగా' 1984లో గానీ రాలేదు, అది రెండో భాగంలో చేరింది. హిట్ కాని పాటకి హిట్స్‌లో చోటు లేకపోవడం న్యాయమే. కానీ నలుగురూ రాసే బ్యాండ్‌ని ముగ్గురిదిగా చూపిస్తోంది కదా.

పలాస జీడి:
మా అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన క్యాసెట్ పేరు కూడా ఇదే, ఏడాదీ 1981యే. కానీ పాటలు 14. అందులో డేవిడ్ బోయీతో కలిసి పాడిన 'అండర్ ప్రెషర్' ఉంది, మొదటి ఆల్బమ్‌లోని 'కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్' ఉంది. మీ దాంట్లో ఆ రెండూ ఉండవు. అంచేత ఏ దేశపుదో ముందు చూసుకుని మాట్లాడుకోవాలండి.

గంటస్తంభం:
నాది బ్రిటన్ వరుసే. 'బొహీమియన్ రాప్సొడీ'తో మొదలై 'ఛాంపియన్స్'తో అయిపోతుంది.

ఫిడేలు (విజయనగరం):
నేను మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ చదువుకున్నదాన్ని. రాక్ గురించి మీ అందరంత తెలీదు. మా వారు వింటుంటే పక్కన విన్నదే. కానీ ఈ వరుస గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

మాకు కచేరీకి ఒక పద్ధతి ఉంటుంది. వర్ణంతో మొదలెడతాం, గొంతూ చెయ్యీ వేడెక్కుతాయి. తర్వాత కీర్తనలు, నడుమ బరువైన అంశం, చివర తుక్కడాలు, మంగళం. దాదాపు ఆరు నిమిషాల 'బొహీమియన్ రాప్సొడీ'ని మొట్టమొదట పెట్టడం, నడుమ రావాల్సిన ఆ బరువైన అంశంతోనే, అంటే రాగం తానం పల్లవితో, కచేరీ ఎత్తుకున్నట్టే. మొదటిసారి విన్నప్పుడు, ఇదేంటి, ఇంక దీని తర్వాత ఏం వాయిస్తారు అనుకున్నాను.

అక్కడే ఈ కూర్పు చేసినవాళ్ల తెలివి తెలిసింది. అంత గుంపు గొంతులతో నిండిన పాట అయిపోగానే, దాదాపు బాస్ గిటార్ ఒక్కటే నడిచే 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' పెట్టారు. నిండు పందిట్లోంచి ఖాళీ వీధిలోకి వచ్చినట్టు ఉంటుంది. పాటల్ని ఏళ్ల వరుసలో పెట్టి ఉంటే ఈ సుఖం ఉండేది కాదు. ఆ రెంటి మధ్యా ఐదేళ్లు, 1975, 1980. వాళ్ల మొదటి హిట్ 1974 నాటి 'సెవెన్ సీస్ ఆఫ్ రై' ఎక్కడో పదిహేనో పాటగా వస్తుంది. చరిత్ర చెప్పడానికి కాదు, ఒక గంట కూర్చోబెట్టి వినిపించడానికి పేర్చారు. చివరి రెండూ, 'వుయ్ విల్ రాక్ యూ', 'ఛాంపియన్స్', కలిసి మంగళం. అది కూడా పూర్తిగా షడ్జమం మీద, అంటే ఆధార స్వరం మీద, వాలదు. ముగిసీ ముగియనట్టు గాల్లో ఆగిపోతుంది. గంటస్తంభం గారి చెవి ఆ పల్లవి కోసం చూడటంలో నాకేమీ ఆశ్చర్యం లేదు!

నాగావళి ఒడ్డు:
అమ్మా, ఇన్నేళ్లలో నేను ఇలగ వినలేదు. రాత్రి మళ్లీ పెట్టుకుని విన్నాను. మొదటి పాట నుంచి రెండో పాటకి దిగే ఆ దిగుడు మీరన్నట్టే ఉంది.

బొబ్బిలి కుర్రోడు:
నాకు 22 అన్నయ్యా. క్యాసెట్ ఎప్పుడూ కొనలేదు, ఫోన్లోనే నేర్చుకున్నాను. ఫోన్లో ఏ బ్యాండ్ తెరిచినా జనం ఎక్కువ విన్న ఐదారు పాటలు పైనుంటాయి. రెండేళ్లు అవే విని, క్వీన్ అంతా వినీసాననుకున్నాను. ఏ పాట ముందు ఏది వస్తే బాగుంటుందో ఆ లెక్కకి తెలీదు. ఎక్కువ విన్నది పైకి, అంతే. అక్క చెప్పింది చదివాక ఎందుకు విసుగొచ్చేదో అర్థమైంది.

ఒకటి గమనించాను. 'డోంట్ స్టాప్ మీ నౌ' ఈ రోజు ఎక్కడ చూసినా ఉంటుంది కదా. 1979లో బ్రిటన్లో అది తొమ్మిదో స్థానం వరకే వెళ్లింది. అయినా 1981లోనే దీంట్లో చోటిచ్చారు. హిట్స్ అంటే లెక్కలే అనుకునేవాణ్ణి. దీని అమ్మకాల లెక్కా చిన్నది కాదు, బ్రిటన్లో 70 లక్షల కాపీలు దాటిన మొదటి ఆల్బమ్ ఇదే, 2022లో దాటింది. కానీ నాకు నచ్చింది మాత్రం ఆ వరుసే.

రాజాం రోడ్డు:
ఆ చప్పట్ల పాట గురించి నేను చెప్తాను. హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఓ ఏడాది వార్షికోత్సవానికి పిల్లలు 'వుయ్ విల్ రాక్ యూ' చేస్తామన్నారు. డ్రమ్ములు ఎక్కడ తేవాలి అని నా బెంగ. తీరా శ్రద్ధగా వింటే పాటలో డ్రమ్ సెట్టే లేదు. రెండు అడుగులు, ఒక చప్పట. 1977లో వాళ్లు చెక్కల మీద కాళ్లతో తొక్కి రికార్డు చేశారు. అవే చప్పుళ్లని కొంచెం కొంచెం ఆలస్యంగా ఒకదాని మీద ఒకటి వేసి వేలమంది తొక్కినట్టు చేశారు. ఆ పాట రాసిన బ్రయాన్ మే భౌతికశాస్త్రం చదివినవాడు, ఆ ఆలస్యాలు లెక్క కట్టి పెట్టాడు.

మాకు చెక్క స్టేజీ ఉంది. అరవై మంది పిల్లల్ని రెండు వరుసల్లో నిలబెట్టాం. మొదటి వరుస అడుగు వేసిన ఒక క్షణం తర్వాత వెనక వరుస అడుగు పడింది, కావాలని కాదు, వాళ్లకి ముందు వరుస కనబడక. ఆ చిన్న తేడాకే చప్పుడు లావెక్కిపోయింది. మా ఊరి తప్పెటగుళ్లు కళాకారుడొకాయన ముందు వరుసలో కూర్చుని చూస్తున్నాడు. గుండె మీద తప్పెట వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో తొక్కుతూ, పాడుతూ బతికిన మనిషి. "ఇది మనదే కదా మాస్టారూ, కాలే వాయిద్యం" అన్నాడు.

ఈ పాట ఫోను స్పీకర్లో చచ్చిపోతుంది. దయచేసి ఆ పాపకి పెద్ద స్పీకర్లో పెట్టండి. ఇంకో సంగతి, దీన్ని 'ఛాంపియన్స్' నుంచి విడదియ్యకండి. 1977 ఆల్బమ్‌లోనూ ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ మొదట్లో, ఇక్కడ చివర్లో.

గంటస్తంభం:
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆదివారం కూర్చున్నాం. ఏం జరిగిందో రాస్తాను.

క్యాసెట్టే పెట్టాను. మా పిల్ల కీబోర్డు దగ్గర కూర్చుని మొదటి పాటకి పియానో అందుకోబోయింది. కుదరలేదు. రెండుసార్లు ప్రయత్నించి, "మావయ్యా, ఇది 'బీ ఫ్లాట్' శ్రుతి కదా, నీ టేపు 'ఏ' శ్రుతిలో పాడుతోంది" అంది. డెక్‌లో టేపుని తిప్పే బెల్టు సాగిపోయి, టేపు మెల్లగా నడుస్తోంది. ఎన్నేళ్లుగా అర స్వరం కిందకి వింటున్నానో నాకే తెలీదు. సరే అని ఫోన్లో అదే 17 పాటల వరుస వెతికి, రాజాం మాస్టారు చెప్పినట్టు పెద్ద స్పీకర్లకి కలిపాను.

ఫిడేలు గారు చెప్పిన దిగుడు దగ్గర నేనేమీ చెప్పకుండా చూస్తున్నాను. బాస్ మొదలవగానే పిల్ల కీబోర్డు మీంచి చేతులు తీసేసి, ఊరికే విన్నది. మూడో పాట 'కిల్లర్ క్వీన్'. అది అయిపోగానే ఆపమంది. మళ్లీ పెట్టించుకుంది. మూడుసార్లు. నాలుగో పాటకి వెళ్దామంటే, "ఇది ఏ ఆల్బమ్‌లోది? అందులో దీని తర్వాత ఏముంటుంది?" అని అడిగింది.

'షీర్ హార్ట్ అటాక్', 1974. ఈ హిట్స్‌ని సగంలో ఆపడానికి నాకు మనసొప్పలేదు, నిజం చెప్తున్నాను. అయినా అది తీసి ఇది పెట్టాను. 'కిల్లర్ క్వీన్' అయ్యింది. తర్వాతది 'టెనెమెంట్ ఫన్‌స్టర్'. బరుకు గొంతు ఎత్తుకుంది. పిల్ల నా వైపు తిరిగి, "ఇదెవరు? ఫ్రెడ్డీ కాదు" అంది.

రోజర్ టేలర్ అని చెప్పాను. రాసిందీ ఆయనే.

నాగావళి ఒడ్డు:
తమ్ముడూ, అక్కడ్నుంచి మూడు పాటలు ఆగకుండా ఒకదాన్లోంచి ఒకటి వస్తాయి. మధ్యలో ఆపనివ్వకు.