మదాచ్ నాటకం అనువాదానికి ఏ పాఠం తీసుకోవాలి? అరాన్ దిద్దుబాట్ల సంగతేంటి?

అనువాదకుడు: హంగేరీ రచయిత మదాచ్ ఇమ్రె రాసిన ‘మనిషి విషాదగాథ’ను నేరుగా హంగేరియన్ నుంచి తెలుగు చేస్తున్నాను. అచ్చయ్యే ముందు కవి అరాన్ యానోష్ వ్రాతప్రతి నిండా దిద్దాడట. అవి తీసేసి మదాచ్ సొంత మాటలే తీసుకోవచ్చా? నెట్‌లో దొరికే పాఠంలో కొన్ని దీర్ఘాలు పోయి హ్రస్వాలున్నాయి. అచ్చుతప్పులా?

పరిష్కర్త: తీసేయకండి. మదాచ్ 1860లో నాటకం ముగించాడు. అరాన్ దిద్దుతానంటే ఒప్పుకున్నాడు. మొదటి ముద్రణ మీద 1861 అని ఉన్నా, బయటికొచ్చింది 1862 మొదట్లో. 1863లో రెండో ముద్రణకు మదాచే మళ్లీ సవరించాడు, అరాన్ మార్పులు చాలామటుకు ఉంచేశాడు. రచయిత చివరిసారి చెయ్యి పెట్టిన ప్రతి అదే, మూలపాఠంగా దాన్నే తీసుకోండి. మొదటి దృశ్యంలో ‘యంత్రం తిరుగుతోంది, సృష్టికర్త విశ్రమిస్తున్నాడు’ అనే పాదం ఎంత పేరుపడ్డదో తెలుసుగా, అది అరాన్ కలం నుంచి వచ్చిందే. దాన్ని కొట్టేస్తే హంగేరీ పాఠకులు నూటయాభై ఏళ్లుగా చదివిన నాటకం మీ చేతిలో ఉండదు.

వ్రాతప్రతిలో నచ్చిన పాదం ఒకటి, 1863 నుంచి ఇంకొకటి ఏరి కలపడం అన్నిటికన్నా ప్రమాదం. అలా తయారైన పాఠం ఏ కాలంలోనూ ఎవరి దగ్గరా లేనిది.

ఇక వ్రాతప్రతి గురించి, పై మాటకు ఒక చేర్పు. మదాచ్ శైలి మీద పరిశోధనైతే కింది పొర, అంటే అరాన్ దిద్దుబాట్ల కింద ఉన్న మదాచ్ సొంత పాఠం, కావాల్సిందే. 1923లో తోల్నయి విల్మోష్ తొలి సంశోధిత ముద్రణ (ప్రతులన్నీ పోల్చి, తేడాలు సూచికల్లో చూపేది) తెచ్చాడు. 2005లో కెరేని ఫెరెంత్స్ తెచ్చినదాంట్లో పాఠదశలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ గీత ఎవరి చేతిదో తేల్చడానికి దస్తూరి నిపుణుడు వొహ్ల్రబ్ యోజెఫ్ పరీక్షించాడు. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం దిద్దినచోట, ఒక్క కామా చేర్చినచోట ఊహతో పేరు రాస్తే మొత్తం పొర చెడిపోతుంది. తేలనిచోట ‘తేలలేదు’ అని పాదసూచికలో రాయడమే నిజాయితీ.

ప్రతులు పోల్చేటప్పుడు ఒక్కో ప్రతినీ మూలపాఠంతో విడివిడిగా, అక్షరం అక్షరం చూడాలి. రెండోసారి వేరే మనిషి చూడాలి. మొదటివాడి కన్ను అలవాటుపడిన తప్పును మళ్లీ దాటేస్తుంది. పాదసూచికల నుంచి ప్రతి పాఠాన్నీ తిరిగి కట్టుకోగలగాలి, అప్పుడే అవి సరిపోయినట్టు.

ఇక ఛందస్సు సంగతి. మీరడిగిన హ్రస్వాలు అచ్చుతప్పులు కావు, ముట్టుకోకండి. మన గురులఘువుల లెక్కే అక్కడా నడుస్తుంది. ‘మిగ్ ఎజ్ కెరేక్‌ఫొగాత్ ఉయీత్‌ని కెల్’ పాదం చూడండి: లఘువు, గురువు జంటలు ఐదు, ఒక్కటీ తప్పలేదు. ఇప్పటి వర్ణక్రమం ప్రకారం ‘మీగ్’, ‘ఊయీత్‌ని’ అని దిద్దితే రెండు లఘువులు గురువులైపోతాయి. రెండు గురువుల జంటను ఆ ఛందస్సు ఒప్పుకుంటుంది గానీ పాదం నడక బరువెక్కుతుంది. బడిపిల్లల ముద్రణల్లో వర్ణక్రమం మార్చేస్తుంటారు, అందుకే ఛందస్సు చూడాలంటే అవి పనికిరావు. సంశోధిత ముద్రణలో అక్షరం ఉన్నదున్నట్టే ఉండాలి.

అనువాదకుడు: అయితే 1863 పాఠమే మూలం. అరాన్ గట్టిగా మార్చిన పాదాలకు మాత్రం కింది పొర పాఠాన్ని పాదసూచికలో ఇస్తాను.

పరిష్కర్త: ఇవ్వండి. ఆ సూచికల్లో పాదం సంఖ్యతోపాటు దృశ్యం సంఖ్య కూడా వేయండి, మొత్తం పదిహేను దృశ్యాలు.