శంషాబాద్ నుంచి దుబాయ్‌కి బెండకాయ, సీతాఫలం గుజ్జు: ప్యాకింగ్, కిరాయి లెక్క ఎట్ల?

పాలమూరు_సాగు:
జడ్చర్ల దగ్గర మాది రైతు ఉత్పత్తిదారుల సంఘం. దుబాయ్ దిగుమతిదారు ఒకాయన వారానికి రెండుసార్లు 300 కిలోల బెండకాయ అడుగుతున్నడు. సీజన్‌ల బాలానగర్ సీతాఫలం గుజ్జు గడ్డకట్టించి 100 కిలోలు, అది గూడ విమానంలనే పంపమంటున్నడు. ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), అపెడా (వ్యవసాయ ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్ ఉన్నయ్. బెండకాయ ఎట్ల ప్యాక్ చేయాలె, గుజ్జుకు డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ఎంత పెట్టాలె? ఇంకోటి, మా అట్టడబ్బా 45×35×30 సెంటీమీటర్లు, అందుల 5 కిలోలు పెడుతున్నం. ఫార్వర్డర్ (విమానంల సరుకు బుక్ చేసే ఏజెంట్) మాత్రం డబ్బాకు 8 కిలోల కిరాయి అంటున్నడు. ఇదేం లెక్కనో సమజైతలేదు.

కార్గో_లెక్కలు:
ఫార్వర్డర్ లెక్క తప్పేం కాదన్నా, డబ్బానే పెద్దది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది వాల్యూమ్ బరువు. మీ డబ్బాకు 7.875 వస్తుంది. కాటా బరువు, వాల్యూమ్ బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. కొరియర్‌లో అయితే చాలాచోట్ల 5000తోనే భాగిస్తారు, ఇంకా మండుతుంది.

5 కిలోల బెండకాయకు 40×30×20 డబ్బా సరిపోతుంది. దాని వాల్యూమ్ బరువు 4 కిలోలే, కాబట్టి కిరాయి కాటా బరువు మీదే పడుతుంది. అట్టతో కలిపి 5.6 కిలోలు అనుకుంటే 60 డబ్బాలకు 336 కిలోలు. మీ పాత డబ్బాలతో 472.5. అంటే ఒక్కో లోడుకు 136 కిలోల గాలికి కిరాయి కడుతున్నట్టు.

రేటు కూడా స్లాబుల వారీగా ఉంటుంది: 45, 100, 300, 500 కిలోలు ఇట్లా, బరువు పెరిగేకొద్దీ కిలో రేటు తగ్గుతుంది. సరుకు 285 కిలోలే ఉంటే, 300 కిలోలకు కిరాయి కట్టి ఆ స్లాబు రేటు తీసుకుంటే మొత్తం తక్కువ పడొచ్చు. రెండు రకాలుగా లెక్క కట్టి చెప్పమనండి, అడగకపోతే కొందరు చెప్పరు. కొటేషన్‌లో కిలో రేటు ఒక్కటే చూసి మోసపోవద్దు. ఫ్యూయల్ సర్‌చార్జి, సెక్యూరిటీ, స్క్రీనింగ్, టెర్మినల్ చార్జీలు, ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రసీదు) ఫీజు అన్నీ కలిపి కిలోకు ఎంత పడుతుందో రాయించుకోండి.

ఏ విమానమో కూడా కనుక్కోండి. 737 లాంటి చిన్నదైతే పాలెట్ (సరుకు పేర్చి కట్టే పలక) ఎక్కదు, డబ్బాలు విడివిడిగా చేత్తో పేరుస్తారు. మూడు పొరల అట్ట అక్కడ ఆగదు, ఐదు పొరలదే వాడాలి.

చల్లగది_నల్గొండ:
ప్యాకింగ్ కంటే ముందు చూడాల్సింది కాయలోని వేడి. డబ్బా చల్లదనాన్ని తయారు చేయదు, లోపల ఉన్నదాన్నే కాపాడుతది. 32 డిగ్రీల కాయను డబ్బాల పెట్టి మూస్తే ఆ వేడిని గూడ అట్లనే కాపాడుతది. పైగా బెండకాయ శ్వాస వేగం ఎక్కువ, కోసినంక గూడ వేడి పుట్టిస్తనే ఉంటది. డబ్బా నడుమ కాయలు ముందు పసుపెక్కేది అందుకే.

పొద్దున 8 లోపల కోత అయిపోవాలె. 7 నుంచి 9 సెంటీమీటర్ల కాయే, రోజు విడిచి రోజు కొయ్యాలె. ఒక్క రోజు ఆలస్యమైనా పీచు పడ్తది. కోసేటోళ్లకు కాటన్ గ్లౌజులు ఇయ్యండి. కాయ మీది నూగు రాసుకపోయినకాడ పొద్దుగూకే వరకు నల్లగీతలొస్తయ్. కడగొద్దు. ప్లాస్టిక్ క్రేట్లల్ల నీడకు తెచ్చి, గాలి లాగే ఫ్యాను పెట్టిన చల్లగదిల 9, 10 డిగ్రీలకు దించాలె. గది మీటరు చూసి అయిపోయిందనుకోవద్దు. నడుమ క్రేటు నడిమిట్ల ఉన్న కాయల థర్మామీటరు పుల్ల గుచ్చి చూడాలె.

ఎంత చల్లగుంటే అంత మంచిదనుకుంటరు చానామంది. బెండకాయ 7 డిగ్రీల కింద ఎక్కువసేపు ఉంటే తోలు మీద గుంటలు పడ్తయ్, నీరు పట్టినట్టు నల్లమచ్చలొస్తయ్. అది చల్లగదిల కనపడదు, దుబాయ్ దుకాణంల బయట పెట్టినంక బయటపడ్తది. అప్పుడు లొల్లి. అందుకే గడ్డకట్టిన జెల్ ప్యాకును కాయకు తగలనియ్యొద్దు, నడుమ అట్టముక్క ఉండాలె.

ప్యాకింగ్ గూడ చల్లటికాడనే చెయ్యాలె. చల్లటి కాయను బయటికి తెస్తే చెమట పడ్తది, ఆ తడికే బూజు. డబ్బాకు గాలిరంధ్రాలు పెట్టించి, మూల మీద మూల వచ్చేటట్టు నిటారుగా పేర్చండి. అట్టడబ్బా బలమంతా మూలలల్లనే. గోడ కట్టినట్టు అడ్డదిడ్డం పేరిస్తే కింది వరుస కూలబడ్తది, రంధ్రాలు గూడ మూసుకపోతయ్. జడ్చర్ల నుంచి 44 జాతీయ రహదారి మీద దూరం తక్కువే గదా అని టార్పాలిన్ బండిల ఏసుకపోవద్దు, 10 డిగ్రీల రీఫర్ (చల్లబరిచే) బండి మాట్లాడండి. ఎండాకాలం విమానం పక్కన ట్రాలీ మీద ఆగే ఆ కాసేపట్లనే పని ఖరాబైతది. మెరిసే థర్మల్ కవర్ పైనుంచి కప్పాలె. తాజా సీతాఫలాలు మాత్రం అదే బండిల ఎయ్యొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కు బెండ పచ్చదనం పోతది.

గడ్డ_సరుకు:
గుజ్జు సంగతి. వేడి చేస్తే చేదెక్కే గుజ్జు కాబట్టి గడ్డకట్టించడమే దారి, అందులో వాదన లేదు. కానీ నెలనెలా విమానంలో పంపే సరుకు మాత్రం కాదిది. లెక్క చూడండి.

బయటి కొలత 60×40×40, గోడ మందం 5 సెంటీమీటర్లున్న థర్మాకోల్ డబ్బా. అందులో కిలో చొప్పున పలచటి ప్యాకెట్లు 20, డ్రై ఐస్ 15 కిలోలు, డబ్బా 2 కిలోలు. మొత్తం 37. ఎక్కించేటప్పుడు తూచిన బరువుకే కిరాయి, దారిలో డ్రై ఐస్ ఆవిరైపోయినా తగ్గించరు. 100 కిలోల గుజ్జుకు 185 కిలోల కిరాయి అన్నమాట. నమూనాలకైతే సరే. ఆర్డరు నిలబడ్డాక మైనస్ 18 రీఫర్ కంటైనర్‌లో ఓడ మీద పంపండి. కంటైనర్ నిండకపోతే ఇప్పటికే ఫ్రోజెన్ సరుకు పంపే ఎగుమతిదారుతో కలవండి.

ఆ సైజు డబ్బాలో మన ఎండలకు రోజుకు 5 నుంచి 8 కిలోల డ్రై ఐస్ పోతుంది. విమానం నాలుగు గంటలే కదా అని 5 కిలోలు పెట్టొద్దు. ప్యాక్ చేసిన దగ్గర్నుంచి దుబాయ్ ఫ్రీజర్‌లోకి చేరేదాకా 24 గంటలు వేసుకుని, ఒక విమానం తప్పితే పనికొచ్చేలా ఇంకో రోజు కలపండి. నమ్మకం కుదరకపోతే ఒక డబ్బా కట్టి షెడ్డులో పెట్టి ఆరు గంటలకోసారి తూచండి, తగ్గిన బరువే ఆవిరైన డ్రై ఐస్. గుజ్జు మధ్యలో మైనస్ 18 వచ్చాకే డబ్బాలో పెట్టాలి. 5 డిగ్రీల గుజ్జు పెడితే దాన్ని గడ్డకట్టించడానికే 10 కిలోల దాకా ఖర్చైపోతుంది. డ్రై ఐస్ ఎక్కువ భాగం పైన ఉండాలి, చల్లగాలి కిందికే దిగుతుంది. గుళికల కంటే పలకలు నెమ్మదిగా ఆవిరవుతాయి.

మూత చుట్టూ టేపు బిగించి మూసేయొద్దు. లోపల గ్యాస్ పెరిగి డబ్బా పగులుతుంది. బండిలో క్యాబిన్ పక్కన పెట్టుకుంటే అద్దాలు దించి నడపాలి. డబ్బా మీద యూఎన్ 1845 (డ్రై ఐస్‌కు అంతర్జాతీయ ప్రమాద సరుకు నంబరు), 'డ్రై ఐస్' అనే పేరు, నికర బరువు కిలోల్లో, తొమ్మిదో క్లాసు ప్రమాద లేబుల్ తప్పనిసరి. ఎయిర్‌వే బిల్లు మీద కూడా రాయించాలి. ఒక్కో డబ్బాకు 200 కిలోల దాకా అనుమతి ఉన్నా, విమానం మొత్తానికి ఎంత అనేది ఎయిర్‌లైన్ నిర్ణయిస్తుంది. బుకింగ్‌లోనే చెప్పకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. అదే హోల్డ్‌లో (విమానం సరుకు గదిలో) జంతువులుంటే, ఆ గ్యాస్ వాటికి ప్రమాదం కాబట్టి మీ సరుకు దింపేయొచ్చు కూడా.

పాలమూరు_సాగు:
మస్తు వివరంగ చెప్పిన్రు. రెండు సరుకులు ఒకటే ఎయిర్‌వే బిల్లు మీద పోతయా? నమూనా గుజ్జు 20 కిలోలే.

కాగితాల_పని:
పోతాయి, కానీ కలపొద్దు. డ్రై ఐస్ లేబుల్ దగ్గరో, గుజ్జు కాగితం దగ్గరో ఆగితే బెండకాయ కూడా ఆగుతుంది. వేరే బిల్లు ఫీజు పోతే పోయింది.

బెండకాయకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవనే ప్రభుత్వ పత్రం) కావాలి, అందులో శాస్త్రీయ నామం అబెల్మోస్కస్ ఎస్కులెంటస్ అని ఉండాలి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫైటో, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం), ఎయిర్‌వే బిల్లు, అన్నిట్లో డబ్బాల సంఖ్య, బరువు ఒకటే ఉండాలి. చివరి నిమిషంలో నాలుగు డబ్బాలు తీసేసి కాగితం మార్చకపోవడం వల్లే ఎక్కువ లోడ్లు ఆగుతాయి. గుజ్జు ప్యాకెట్‌కు అరబ్బీ లేబుల్, దుబాయ్ మున్సిపాలిటీ రిజిస్ట్రేషన్ మీ దిగుమతిదారు ముందే చేయించాలి, ఆయన్ను రాతపూర్వకంగా అడగండి.

మీ బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు తీసుకునే శాఖ నంబరు) హైదరాబాద్ ఎయిర్ కార్గో పోర్టులో నమోదైందా చూసుకోండి, పోర్టు కోడ్ ఐఎన్‌హెచ్‌వైడీ4. జీఎస్టీ ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ఏప్రిల్‌లో మళ్లీ పెట్టాలి. కొల్లాపూర్ మామిడి దిగే రోజులు కూడా అవే, విమానంలో జాగా దొరకడం కష్టం, బుకింగ్ ముందే చేసుకోండి.

ప్రతి లోడులో ఒక డబ్బాలో డేటా లాగర్ (దారంతా ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం) పెట్టండి. సరుకు పాడైందని అక్కడినుంచి ఫోటోలు వస్తే ఎక్కడ వేడెక్కిందో అదే చెబుతుంది. ఎయిర్‌లైన్ మీద క్లెయిమ్ అయితే సరుకు అందిన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, డెలివరీ కాగితం మీద కూడా దిగుమతిదారుతో రాయించాలి. కాయ స్వభావం వల్లే పాడైందని వాళ్లు నిరూపిస్తే పైసా రాదు.