థీసిస్ పేపర్‌లో గైడ్ పేరు: రచయితల వరుసలోనా, కృతజ్ఞతల్లోనా?

పాలమూరు_పీజీ:
ఎం.ఎస్సీ నర్సింగ్ థీసిస్ యూనివర్సిటీకి ఇచ్చినంక అందులోంచి ఒక పేపర్ తీసి జర్నల్‌కు పంపుతరు. పంచాయితీ అక్కడ్నే మొదలైతది. గైడ్ పేరు రచయితల్లో పెట్టాలా, కృతజ్ఞతల్లో రాస్తే సరిపోతదా? కొన్నిచోట్ల హెచ్‌ఓడీ, ప్రిన్సిపల్ పేర్లు కూడా ఎక్కిస్తున్నరు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట దిక్కు పీజీలకు పనికొచ్చేటట్టు చెప్పండ్రి. "పెద్దోళ్ల పేరు పెడితే నీదేం పోతది" అనే జవాబు మాత్రం వద్దు.

వరుసలో_నాలుగు:
ఇందులో పంచాయితీకి జాగా లేదు. వైద్య, నర్సింగ్ జర్నల్స్ చాలావరకు ఐసీఎంజేఈ (వైద్య జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాలనే పట్టుకుంటాయి. రచయిత కావాలంటే నాలుగు షరతులూ తీరాలి. స్టడీ ఆలోచన, డిజైన్, డేటా సేకరణ, విశ్లేషణ, వీటిలో దేంట్లోనైనా గట్టి పాలు ఉండాలి. పేపర్ రాయాలి, లేదంటే విషయం పట్టుకుని దిద్దాలి. అచ్చుకు పోయే ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ఎవరన్నా తప్పు పడితే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగోది 2013లో చేర్చారు. ఫండ్ తేవడం, డిపార్ట్‌మెంట్ నడపడం, పైపై పర్యవేక్షణ, ఇంగ్లిష్ దిద్దడం మాత్రమే చేసినవాళ్లు కృతజ్ఞతల్లోకి పోతారు. గైడ్ అనే హోదాతో పేరు రాదు. సర్టిఫికెట్ పేజీ మీద పెట్టిన సంతకం థీసిస్‌కు, పేపర్‌కు కాదు. పర్మిషన్ లెటర్ ఇచ్చినందుకు ప్రిన్సిపల్ రచయిత అయితే, వార్డులోకి రానిచ్చిన సూపరింటెండెంట్ ఏం పాపం చేశాడు?

కోదాడ_గైడ్:
నియమం సగమే చెప్పిన్రు సార్. మొదటి షరతు తీర్చినోళ్లందరికీ దిద్దే అవకాశం, ఆఖరి ప్రతి చూసే అవకాశం ఇవ్వాలని కూడా అదే ఐసీఎంజేఈ అంటది. డ్రాఫ్ట్ చూపియ్యకుండా పంపేసి "ఆమె దిద్దలేదు, అందుకే పేరు లేదు" అంటే చెల్లదు.

గైడ్ చేసిన పని కాగితం మీద కనబడదు, అదే చిక్కు. పీజీ తెచ్చే ప్రపోజల్ మామూలుగా ఎట్లుంటది? ఫలానా విషయం మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ (ముందే తయారుచేసుకున్న పాఠం) ప్రభావం. ఒకటే గ్రూపు, 60 మంది. ఇయ్యాల ప్రీటెస్ట్, ఏడో రోజు పోస్ట్‌టెస్ట్, మళ్లీ అవే ప్రశ్నలు. మార్కులు పెరుగుతయి, పీ వాల్యూ (తేడా ఊరికే వచ్చిందా అని చూసే లెక్క) 0.05 లోపు వస్తది, అందరూ సంబురం. కానీ పెరిగింది పాఠం వల్లనా, అవే ప్రశ్నలు రెండోసారి చూసినందుకా, నడుమ ఆశా వచ్చి చెప్పిపోయినందుకా? తేల్చలేం. కంట్రోల్ గ్రూపు (పాఠం చెప్పకుండా పోల్చి చూసే గ్రూపు) పెట్టించి, రెండు గ్రూపులోళ్లు కలిసి మాట్లాడుకోకుండా ఊర్ల వారీగా విడగొట్టించి, దానికి తగ్గట్టు శాంపిల్ పెంచిన గైడ్‌కు డిజైన్‌లో పాలు ఉన్నట్టా లేనట్టా?

టూల్ వాలిడేషన్, అంటే ప్రశ్నావళి సరిగ్గుందా అని నిపుణులతో చూపించుకునే సంగతి చూడండ్రి. ఐదుగురు నిపుణులకు పంపితే ఒక ప్రశ్నకు నలుగురు సరే అంటరు. కంటెంట్ వాలిడిటీ ఇండెక్స్ (సరే అన్న నిపుణుల వంతు) 0.80, పాస్ అయిందనుకుంటరు. 0.78 చాలన్న లెక్క ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది చూసినప్పటిది. ఐదుగురు, అంతకు తక్కువైతే 1.00 రావాలి. ఇది పట్టుకుని, ఆ ప్రశ్నను తిరగరాయించేది ఎవరు? బయటోళ్లు కాదు గదా.

వరుసలో_నాలుగు:
అట్లా చేసిన గైడ్ పేరు వద్దని నేననలేదు మేడమ్. నా మాట సంతకాల గైడ్ల గురించి. తేడా పట్టడం కష్టం కాదు. ప్రపోజల్ మొదటి ప్రతిని, ఎథిక్స్ కమిటీకి పోయిన ప్రతిని పక్కపక్కన పెట్టండి. గైడ్ చెప్పగా డిజైన్, శాంపిల్, టూల్, అవుట్‌కమ్ వీటిలో ఏదన్నా మారిందా? కామాలు, స్పెల్లింగులే మారితే జవాబు దొరికినట్టే.

లెక్కల_టేబుల్:
స్టాటిస్టీషియన్‌ను మరిచిపోయారు. ఫీజు తీసుకున్నాడు కాబట్టి రచయిత కాడని చాలామంది అంటారు. ఫీజుకూ దీనికీ సంబంధం లేదు, చేసిన పనే చూడాలి. ఇచ్చిన డేటాకు ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో టేబుళ్లు తీసిచ్చినవాళ్లకు కృతజ్ఞతలు చాలు. ఏ టెస్ట్ వాడాలో తేల్చి, ఫలితాల భాగం రాసి, ఆఖరి ప్రతి ఒప్పుకున్నవాళ్లు రచయితే. ఒక జబ్బు ఎంతమందికి ఉందో చూసే సర్వే తీసుకోండి. 50 శాతం ఉండొచ్చనుకుని, 5 శాతం తేడా ఒప్పుకుంటే సుమారు 384 మంది కావాలి. అదే తండాల వారీగా క్లస్టర్లు (గుంపులు) ఎంచుకుని, డిజైన్ ఎఫెక్ట్ (అట్లా ఎంచుకున్నందుకు శాంపిల్‌ను ఎన్ని రెట్లు చేయాలో) 2 పెడితే 768. ఈ మాట మొదట్లోనే చెబితే పీజీ ఊర్లన్నా పెంచుకుంటుంది, ప్రశ్నన్నా మార్చుకుంటుంది. డేటా అంతా అయ్యాక పెన్‌డ్రైవ్ పట్టుకొస్తే ఎవరైనా టేబుళ్లే ఇవ్వగలరు.

తండా_దారి:
మీరంతా కాలేజీ లోపలి పేర్లే లెక్కబెడుతున్నరు. దేవరకొండ, చందంపేట తండాల్లో టూల్ తెలుగులో ఉంటది, ముసలోళ్లు మాట్లాడేది లంబాడీ. నడుమ ఆశా నోటిమాటగా మార్చి అడుగుతది. ఆమె అడిగే తీరును బట్టే జవాబు మారుతది. అది మెథడ్స్‌లో రాయాల్సిన సంగతి: ఎవరు మార్చిన్రు, ముందు నేర్పించిన్రా, వెనక్కి తెలుగులోకి మార్పించి సరిచూసిన్రా. చాలా పేపర్లల్ల ఆ ఒక్క వాక్యం ఉండదు, కృతజ్ఞతల్లో దేవుని నుంచి డీటీపీ ఆయన దాకా అందరుంటరు.

కృతజ్ఞతల్లో ఆశా పేరు రాయాలంటే ఆమెను అడగాలి. కృతజ్ఞతల్లో పేరున్నోళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోమని ఐసీఎంజేఈ కూడా చెప్తది. ఇంకో ముప్పు ఉంది. మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్ మీద స్టడీ అనుకోండ్రి. చిన్న ఊరి పేరు, ఆశా పేరు రెండూ అచ్చేస్తే పేషెంట్లు ఎవరో ఊర్లో అందరికీ తెలిసిపోతది. మండలం పేరు దాకనే ఆగాలి. ఆమెకు నిజంగా పనికొచ్చేది వేరే ఉంటది: పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు ఆమె పేరుతో ఒక ఉత్తరం, స్టడీలో ఏం తేలిందో తెలుగులో ఒక పేజీ. ఫలితం తిరిగి చెప్పకపోతే అదే ఊర్లోకి వచ్చే ఏడు ఇంకో పీజీని రానియ్యరు.

పాలమూరు_పీజీ:
అయితే గైడ్‌తో ముందే రాసుకుంటే ఈ గొడవ ఉండదు గదా. ఆ కాగితంలో ఏముండాలి?

కోదాడ_గైడ్:
ఒక పేజీ చాలు. ఎవరి పని ఏది, పేర్ల వరుస ఏది, డేటా, ఒప్పుకోలు ఫారాలు ఎవరి దగ్గర ఉంటయి, డ్రాఫ్ట్ చూసి తిరిగియ్యనీకి ఎన్ని రోజులు (మూడు వారాలు న్యాయం). ఎథిక్స్ కమిటీకి పోకముందు రాసి, డేటా అయినంక ఒకసారి, పేపర్ పంపేముందు ఒకసారి తిరగజూడాలి, ఎందుకంటే పనులు మారుతయి. విద్యార్థి థీసిస్ మీద ఆధారపడ్డ పేపర్‌కు విద్యార్థే మొదటి పేరు, దీనికి బేరం లేదు. పంపినంక పేరు కలపాలన్నా తీయాలన్నా జర్నల్ కారణం అడుగుతది, రచయితలందరి సంతకాలు అడుగుతది.

ఇంకో షరతు పెట్టాలె. థీసిస్ ఇచ్చిన 12 నెలల్లో పీజీ డ్రాఫ్ట్ తేకపోతే గైడ్ రాయొచ్చు, మొదటి పేరు మాత్రం పీజీదే.

వరుసలో_నాలుగు:
ఈ ఆఖరి షరతు నిలవదు మేడమ్. పీజీ కోర్సు కాగానే ఉద్యోగానికి గల్ఫ్‌కో జర్మనీకో పోతుంది, నంబర్ మారుతుంది, కాలేజీ ఈమెయిల్ ఆగిపోతుంది. ఆఖరి ప్రతి చూడని మనిషిని మొదటి రచయితగా ఎట్లా పెడతారు? మూడో షరతే తీరలేదు. చాలా జర్నల్స్ ప్రతి రచయితకూ మెయిల్ పంపి ఖరారు అడుగుతాయి, అక్కడే పేపర్ ఆగిపోతుంది.

కోదాడ_గైడ్:
మరి ఇల్లిల్లు తిరిగి డేటా తెచ్చిన పిల్లను కృతజ్ఞతల్లోకి దించి, గైడ్ మొదటి పేరు పెట్టుకోవాల్నా? మీ నియమం ప్రకారం అది సరే కావచ్చు, నాకైతే మింగుడు పడదు.

వరుసలో_నాలుగు:
దించి పెట్టుకోమనలేదు. ఆమె దొరకకపోతే ఆ పేపర్ పంపకుండా ఉండడమే మేలు. థీసిస్ యూనివర్సిటీలో ఆమె పేరు మీద ఉండనే ఉంది.

లెక్కల_టేబుల్:
దొరకకపోవడమనే గొడవను సగం తగ్గించొచ్చు. ఆ ఒప్పంద కాగితం మీద కాలేజీ మెయిల్ కాకుండా సొంత మెయిల్, ఇంటివాళ్ల నంబర్ ఒకటి, 16 అంకెల ఆర్కిడ్ నంబర్ (పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు నంబర్) రాయించండి. ఆర్కిడ్ ఉచితం, ఉద్యోగం మారినా దేశం మారినా నంబర్ మారదు. డేటా ఎంట్రీ నడుస్తున్నప్పుడే పేపర్ మెథడ్స్ భాగం రాయించి పెట్టుకుంటే ఇంకా మంచిది. థీసిస్ వైవా అయ్యాక ఆ పని ముట్టుకునేవాళ్లు తక్కువ.